తాళమెయ్యని కారు, గట్టు లేని బావి

2025 మే 18, ఆదివారం. విజయనగరం పక్కన ద్వారపూడి. ఊళ్ళో మహిళా మండలి ఆఫీసు కాడ ఒక కారు ఆగి ఉంది. ఆడుకోడానికి ఇంట్లోంచి బయటికెళ్ళిన నలుగురు పిల్లలు అందులోకి ఎక్కారు. ఆరేళ్ళోళ్ళు, ఎనిమిదేళ్ళోళ్ళు. డోర్లు పడిపోయాయి, మళ్ళీ తెరుచుకోలేదు. పిల్లలు ఎంతకీ రాకపోయేసరికి ఇంటోళ్ళు వెతుకులాడి, చివరికి ఆ కారు కాడికొచ్చారు. నలుగురిలో ఒక్కరు కూడా దక్కలేదు.

దానికి నెల రోజుల ముందే, ఏప్రిల్ 14న, రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ మండలం దామరగిద్దలో ఇట్టాంటిదే జరిగింది. బంధువుల ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తన్నాయి. పెద్దోళ్ళు లోపల కూర్చుని ముహూర్తాలు, పెట్టుపోతలు మాట్లాడుకుంటన్నారు. నాలుగేళ్ళ పాప, అయిదేళ్ళ పాప బయట ఆపిన కారులో చిక్కుకున్నారు. పెద్దోళ్ళు చూసేసరికి అంతా అయిపోయింది.

ఈ వార్తలొచ్చినప్పుడల్లా మన ఫోన్లలో నడిచే చర్చ ఒకటే. పిల్లల్ని కారులో ఒంటరిగా వదలొచ్చా, ఓ అయిదు నిమిషాలైతే పర్లేదా, ఏసీ వేసి పోతే ఏమైద్ది, అద్దం కాస్త దించితే చాలదా అని. ప్రశ్న మంచిదే. దానికి సమాధానం ఉంది, చెప్తా. కాని ఒకటి గమనించండి. ద్వారపూడిలో పిల్లల్ని ఎవరూ కారులో వదిలి షాపుకి పోలేదు. దామరగిద్దలోనూ పోలేదు. పిల్లలంతట పిల్లలే ఎక్కారు. అంటే మనం వాదించుకునే విషయం ఒకటి, మన ఊళ్ళల్లో పిల్లల్ని చంపేది ఇంకొకటి. నేను రాస్తంది ఈ తేడా గురించే.

ముందు ఆ అయిదు నిమిషాల సంగతి తేల్చేద్దాం.

నేనుండేది సంగం జాగర్లమూడి. గుంటూరు–తెనాలి రైలు లైను మీద ఊరు. మాకు బజారు పని అంటే తెనాలే. బోసు రోడ్డు తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, పండగ రోజుల్లో అక్కడ కారు ఆపడానికి చోటు దొరకడమే గగనం. దొరికిన కాడ ఆపుతారు. వెనక సీట్లో పిల్ల నిద్రపోతా ఉండిద్ది. లేపితే ఏడుస్తది, ఎత్తుకుంటే బరువు. "మందుల షాపే గదా, ఇట్టా పోయి అట్టా వస్తా" అని దిగుతారు. షాపులో ముందే నలుగురు నిలబడి ఉంటారు. డాక్టరు రాసిన మందు ఉండదు, వేరే కంపెనీది ఇవ్వనా అని అడుగుతాడు. ఫోన్‌పే గుండ్రంగా తిరుగుతా ఉండిద్ది గాని డబ్బు పోదు. ఇంతలో ఎవరో తెలిసినాయన భుజం మీద చెయ్యేసి "ఏంది అబ్బాయ్, ఊళ్ళోనే ఉన్నావా?" అంటాడు. అయిదు నిమిషాలు అనుకుని దిగినోడు ఇరవై నిమిషాలకి కారు కాడికి వస్తాడు. ఆయన అబద్ధమాడలేదు. అయిదు నిమిషాలనేది ఆయన అనుకున్నది, ఇరవై నిమిషాలనేది బజారు పెట్టింది.

ఆ ఇరవై నిమిషాల్లో కారులో ఏమైద్దో కొలిచినోళ్ళు ఉన్నారు. 2005లో అమెరికాలో పిల్లల డాక్టర్ల పత్రిక 'పీడియాట్రిక్స్'లో ఒక పరిశోధన వచ్చింది. బయట 22 నుంచి 36 డిగ్రీల దాకా ఉన్న రోజుల్లో కారుని ఎండలో పెట్టి లోపలి వేడి కొలిచారు. గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. మొదటి పది నిమిషాలకే పది డిగ్రీలు ఎక్కుద్దని ఇదే రకం కొలతలు చెప్తన్నాయి. ఈ లెక్క మనకి అన్వయించుకోండి. రోహిణి కార్తె దాకా పోనక్కర్లేదు, మార్చి నెల మధ్యాహ్నం బయట 36 ఉందనుకుందాం. పది నిమిషాలకి కారులో 46. ఇరవై నిమిషాలకి 50 దాటిద్ది. ఎండ అద్దంలోంచి లోపలికొచ్చి డాష్‌బోర్డుని, సీట్లని కాలుస్తది. అవి కక్కే వేడి మళ్ళీ అద్దంలోంచి బయటికి పోలేదు. మిద్దె మీద వడియాలు పెట్టి పైన గాజు మూత బోర్లిస్తే ఎట్టా ఉంటదో, కారు అట్టా ఉంటది.

పెద్దోడు ఆ వేడికి చెమటోడ్చి, చొక్కా విప్పి, డోరు తీసుకుని బయటపడతాడు. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దోళ్ళకన్నా మూడు నుంచి అయిదు రెట్లు తొందరగా వేడెక్కిద్దని డాక్టర్లు చెప్తారు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ. 42 దగ్గరికొస్తే గుండె, మెదడు, మూత్రపిండాలు పని చెయ్యడం మానేస్తాయి. పైగా మనది కృష్ణా డెల్టా. కాలవలు, వరిచేలు, ఆ పక్క రేపల్లె, బాపట్ల దాటితే సముద్రం. గాల్లో తేమ ఎక్కువ. రెంటచింతలలో ఎండ ఎక్కువని మనం చెప్పుకుంటాం గాని, మన కాడ ఎండ తక్కువున్న రోజు కూడా ఉక్కపోత చంపుద్ది, పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మూసిన కారులో నలుగురు పిల్లలు పీల్చి వదిలే గాలితో ఆ తేమ ఇంకా పెరిగిద్ది.

ఇక్కడ మన పేపర్లు, టీవీలు రాసే ఒక మాట గురించి చెప్పాలి. ప్రతిసారీ హెడ్డింగు ఒకటే: "కారులో ఊపిరాడక చిన్నారుల మృతి". ఊపిరాడక అనగానే మనకి ఏమనిపిస్తది? గాలి చాలలేదు, కాబట్టి అద్దం ఒక అంగుళం దించితే సరిపోయిద్ది అని. ఈ మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తంది. కారు గాలి చొరబడని డబ్బా కాదు, ఎక్కడో ఒక సందున గాలి ఆడతానే ఉంటది. ఎండలో ఉన్న కారులో గాలి అయిపోయే లోపే వేడి కొట్టేస్తది. పైన చెప్పిన 2005 పరిశోధనలోనే అద్దాలు కాస్త దించి కూడా చూశారు. వేడి పెరగడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి "అద్దం దించానులే" అనేది మనల్ని మనం సముదాయించుకునే మాట, పిల్లకి దానివల్ల ఒరిగేదేం లేదు.

నీడలో పెడితే? దానికీ లెక్క ఉంది. 2018లో అరిజోనా రాష్ట్రంలో యూనివర్సిటీ వాళ్ళు కార్లని ఎండలో, నీడలో పెట్టి పోల్చారు. రెండేళ్ళ పిల్లాడి ఒళ్ళు ప్రమాదం అంచుకి చేరడానికి ఎండలో కారులో ఒక గంట పడితే, నీడలో రెండు గంటలకి కాస్త తక్కువ పట్టుద్దని తేల్చారు. నీడ టైము ఇస్తది, తప్పించదు. పైగా చెట్టు కింద కారు పెట్టినా నీడ మన కోసం కూర్చోదు. పదకొండింటికి వేపచెట్టు నీడలో పెట్టిన కారు ఒంటి గంటకి ఎండలో ఉండిద్ది.

సరే, ఏసీ వేసి, ఇంజను ఆన్‌లో పెట్టి పోతే? మన కుర్రోళ్ళు ఎక్కువమంది చెప్పే ఉపాయం ఇదే. మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను చూడండి. రోడ్డు మీద బండి ఆపితే డ్రైవరు సీట్లో లైసెన్సు ఉన్నోడైనా ఉండాలి, లేదంటే ఇంజను ఆపి బ్రేకు వేసైనా ఉండాలి అని రాసుంది. అంటే ఇంజను ఆడతా ఉంటే, లోపల పిల్లలు మాత్రమే ఉంటే, పిల్లలకి ఏమీ కాకపోయినా అది తప్పే. చట్టం సంగతి పక్కన పెట్టినా, నాలుగేళ్ళోడు ముందు సీట్లోకి రావడానికి ఎంతసేపు? గేరు లాగుతాడు, హ్యాండ్ బ్రేకు దించుతాడు. పవర్ అద్దం బటను మీద మోకాలేసి తల బయటపెడతాడు. ఇంజను ఆగిపోతే ఏసీ ఆగిద్ది, అది మందుల షాపులో ఉన్నోడికి తెలియదు. తాళం లోపల, తండ్రి బయట, డోర్లు లాకు. పిల్లాడికేమో తీయడం రాదు.

అవతలి వాదన కూడా వినాలి గదా. ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని వేసుకుని వచ్చింది. ఒకడు చంకలో, ఒకతి చేతిలో. గాంధీ చౌకు కాడ ఆటోలు, బైకులు, బస్సుల మధ్య ఆ ఇద్దర్నీ రోడ్డు దాటించడం ప్రమాదం కాదా? కాదని నేననను. రోజూ ఎంతోమంది వదిలి పోతన్నారు, తిరిగొస్తన్నారు, ఏమీ కావట్లేదు. అది కూడా నిజమే. చిక్కల్లా అక్కడే ఉంది. తొంభై తొమ్మిది సార్లు ఏమీ కాకపోవడం వల్లే నూరోసారి కూడా ధైర్యంగా దిగుతాం. పైగా రోడ్డు దాటేటప్పుడు పిల్ల చెయ్యి మన చేతిలో ఉంటది, ప్రమాదం మన కళ్ళ ముందు ఉంటది. కారులో ఉన్నప్పుడు రెండూ ఉండవు.

అసలు మన కాడ మనుషులకి కరువా? కారు షాపు ముందు ఆపి హారను కొడితే కుర్రోడు బయటికొచ్చి చీటీ తీసుకుపోతాడు, మందులూ చిల్లరా అద్దం కాడికే తెచ్చిస్తాడు. ముందే ఫోను చేస్తే కిరాణా సంచి కట్టి పెడతారు. బండిలో ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి పోవచ్చు. అమెరికాలో ఉన్నోడికి ఈ సౌకర్యం లేదు, మనకుంది. దాన్ని వాడుకోడానికి మొహమాటం ఎందుకు?

అమెరికా అన్నాను గాబట్టి అక్కడి సంగతి కూడా కాస్త. మన తెనాలి సైడు నుంచి పిల్లలు టెక్సాసు, కాలిఫోర్నియా పోని ఇల్లు తక్కువ. మనవడిని చూసుకోడానికి పోయే అమ్మమ్మలు, నాయనమ్మలు ఇది తెలుసుకుని పోవాలి. టెక్సాసులో ఏడేళ్ళ లోపు పిల్లని కారులో అయిదు నిమిషాలకన్నా ఎక్కువసేపు కావాలని వదిలితే నేరం, తోడుగా కనీసం 14 ఏళ్ళోళ్ళు ఉండాలి. కాలిఫోర్నియాలో ఆరేళ్ళు, అంతకన్నా చిన్నపిల్లలకి 12 ఏళ్ళు నిండినోళ్ళు తోడుండాలి. ఇంజను ఆడతా ఉన్నా, తాళం కారులోనే ఉన్నా అక్కడ ఒంటరిగా వదలడం తప్పే. ఏసీ వేసి పోవడమనే ఉపాయం అక్కడ చట్టంలోనే కొట్టేశారు.

1998 నుంచి ఆ దేశంలో కార్ల వేడికి చనిపోయిన పిల్లలు వెయ్యి మంది దాటారు. ఏడాదికి సగటున 37 మంది. అందులో సగానికి పైగా మర్చిపోయిన పిల్లలు. పొద్దున్నే ఆఫీసుకి పోయే తండ్రి, డే కేర్‌లో దించాల్సిన బిడ్డ వెనక సీట్లో నిద్రపోతందన్న సంగతే మర్చిపోయి ఆఫీసు ముందు కారు పెట్టి లోపలికి పోతాడు. వినడానికి నమ్మబుద్ధి కాదు. కాని ముందు సీటుకి ఎయిర్‌బ్యాగులు వచ్చాక, అవి తెరుచుకుంటే పిల్లలకి ప్రమాదమని పిల్లల సీటుని వెనక్కి మార్చారు. ఒక చావుని తప్పించిన జాగ్రత్త పిల్లని కంటికి కనపడని చోట పెట్టింది. తెలిసి వదిలేసి పోయిన కేసులు అక్కడ అయిదో వంతు దాకా ఉంటాయి. మిగిలిన నాలుగో వంతు, పిల్లలంతట పిల్లలే ఆగి ఉన్న కారులోకి ఎక్కి చిక్కుకున్నవి.

ఇప్పుడు మన వార్తలు తీసి చూడండి. 2019లో నిజామాబాద్‌లో ఇద్దరు. 2021 మేలో ఉత్తరప్రదేశ్ బాగ్‌పత్ జిల్లాలో నలుగురు. 2022 జూన్‌లో తమిళనాడు తిరునల్వేలి జిల్లా పణగుడి దగ్గర ముగ్గురు. 2024 నవంబరులో గుజరాత్ అమ్రేలీ జిల్లా రాంఢియాలో నలుగురు. ఆ తర్వాత దామరగిద్ద, ద్వారపూడి. మర్చిపోయినోళ్ళు కాదు, వదిలి పోయినోళ్ళు కాదు. ఆడుకోడానికి పోయి ఎక్కినోళ్ళు. అమెరికాలో నాలుగో వంతు ఉన్నది మన వార్తల్లో దాదాపు అంతా అదే. అందుకే అక్కడి చర్చని ఇక్కడ యథాతథంగా దించుకుని "తల్లిదండ్రులారా, పిల్లల్ని కారులో వదలకండి" అని పోస్టరు వేస్తే సగం పనే అయిద్ది. మన కాడ చెప్పాల్సింది కారున్నోళ్ళకి. "నాయనా, కారుని తాళమెయ్యకుండా వదలమాక" అని.

మా పెద్దోళ్ళ కాలంలో చేలల్లో నేలబావులు ఉండేవి. గట్టు లేని బావిలో పిల్లాడు పడితే ఊరు ఊరంతా తల్లిని తిట్టి ఊరుకోలేదు. బావి ఎవరిదో ఆయన్ని నిలబెట్టి, గట్టు కట్టించారు, ముళ్ళకంప వేయించారు. వదిలేసిన బోరుబావుల్లో పిల్లలు పడ్డప్పుడు కూడా గొట్టానికి మూత వెయ్యడం తవ్వించినోడి బాధ్యత అని సుప్రీంకోర్టే చెప్పింది. ఊరి మధ్యలో తాళమెయ్యని కారు ఇప్పుడు అట్టాంటిదే. తేడా ఏందంటే బావిని చూస్తే పిల్లకి భయం, కారుని చూస్తే మోజు.

ఆ మోజు ఎందుకుండదు? పదేళ్ళ కిందట మన ఊళ్ళల్లో కారు అంటే నలుగురైదుగురికి. ఇప్పుడు సెకండ్‌హ్యాండు ఆల్టోలు, స్విఫ్టులు వీధికి రెండు కనపడతన్నాయి. షెడ్డు ఉన్నోళ్ళు తక్కువ, ఆపేది రోడ్డు వారనే, రామాలయం ముందు, స్కూలు గోడ పక్కన. సంక్రాంతికి హైదరాబాదు బళ్ళు వస్తాయి. మా సంగమేశ్వరుడి గుడికి శివరాత్రికొచ్చే బళ్ళు వేరే. ఊళ్ళో పల్లెటూరి నమ్మకం ఒకటి ఉంది: "మన ఊళ్ళో దొంగలెవరుంటార్లే" అని డోరు దగ్గరకేసి పోతారు. తాళం వేసేది దొంగ కోసమే అనుకుంటాం. లోపల ఉన్న చల్లటి సీటు, స్టీరింగు, హారను పిల్లలకి తిరునాళ్ళలో రంగులరాట్నంతో సమానం. దాగుడుమూతల ఆటలో అంతకన్నా మంచి చోటు దొరకదు. ఎక్కి డోరు వేసుకుంటారు. వెనక డోర్లకి చైల్డ్ లాకు పెట్టి ఉంటే లోపల ఎంత లాగినా రాదు, అది పెట్టిందే అందుకు. భయపడ్డ పిల్ల ముందు డోరు కాడికి పోయి హ్యాండిలు లాగాలన్న ఆలోచన చెయ్యదు. ఏడుస్తది. అద్దాలు బిగించి ఉన్నాయి గదా, ఆ ఏడుపు వీధిలోకి రాదు.

అద్దాలకి నల్ల ఫిల్ము ఉంటే బయటినుంచి కనపడదు కూడా. 2012లోనే సుప్రీంకోర్టు ఆ నల్ల ఫిల్ములు వద్దంది. నేరాలు చేసేటోళ్ళ కోసం వద్దంది, మన ఊళ్ళ లెక్కలో పిల్లల కోసం కూడా వద్దనాల్సిందే. కవరు కప్పిన కారు ఇంకా ప్రమాదం, దాని కిందికి దూరి డోరు తీసుకుని ఎక్కినోళ్ళని వెతికేటోడు తలకూడా తిప్పడు.

అమ్రేలీ సంగతి నన్ను వదల్లేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు మధ్యప్రదేశ్ నుంచి వలసొచ్చిన వ్యవసాయ కూలీలు. పొద్దున్నే చేలోకి పోయారు. కారు చేను ఆసామిది, వాళ్ళుండే చోటు పక్కనే ఆపి ఉంది. నలుగురూ ఒక తల్లి పిల్లలే. నవంబరు నెల అది, ఎండాకాలం కాదు. వార్త కింద జనం రాసింది చూడాలి: "పిల్లల్ని వదిలేసి తల్లి ఏం చేస్తంది?" ఏం చేస్తంది, కూలికి పోయింది. మన కాడ మాత్రం? నాట్లకి, మినుము పీకుళ్ళకి, దుగ్గిరాల సైడు పసుపు పనికి పోయే ఆడోళ్ళు పిల్లల్ని ఎవరి దగ్గర పెట్టి పోతన్నారు? ముసలి అత్త దగ్గర, లేకపోతే ఎనిమిదేళ్ళ అక్క దగ్గర. అంగన్‌వాడీలో మూడేళ్ళు నిండినోళ్ళని పగలు కొంతసేపు కూర్చోబెడతారు, చేలో పని సాయంత్రం దాకా ఉంటది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాశారు: పని కాడికి ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే, వాళ్ళని చూసుకోడానికి ఒక మనిషిని పెట్టాలి, ఆమెకి కూలి ఇవ్వాలి అని. ప్రభుత్వ పనికి అట్టా రాశారు. ఆసామి చేలో పనికి ఆ రూలు ఎవరూ రాయలేదు. కారున్నోడి నిర్లక్ష్యం, కారు లేనోడి పిల్ల. ఇద్దరి మధ్య తప్పు ఎవరి మీద వేస్తన్నామో ఒకసారి చూసుకోండి.

చట్టం లేదా అంటే ఉంది. బాల న్యాయ చట్టం 2015లో 75వ సెక్షను ప్రకారం పిల్లల బాధ్యత ఉన్నోళ్ళు కావాలని నిర్లక్ష్యం చేస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద అయిదేళ్ళ దాకా పడొచ్చు. కాని బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని స్టేషనుకి పిలిచి కేసు రాస్తే మిగిలిన పిల్లలకి ఒరిగేదేముంది? నాకైతే పంచాయతీ దండోరా ఎక్కువ పనికొస్తదనిపిస్తంది. ఇప్పుడు దండోరా అంటే వాట్సాప్ గ్రూపే. కార్ల కంపెనీలు కూడా చెయ్యగలిగింది ఉంది. వెనక సీట్లో పిల్ల ఉంటే పసిగట్టి మోగే పరికరాలకి యూరప్‌లో భద్రత మార్కులు 2023 నుంచి ఇస్తన్నారు. అది మన సెకండ్‌హ్యాండు ఆల్టోకి వచ్చేసరికి ఈ పిల్లలకి పెళ్ళిళ్ళవుతాయి.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, పని మన చేతిలోదే. ఇంట్లో డ్రైవింగు వచ్చింది నీకు, తాళం ఉండేది నీ జేబులో. దిగినాక రిమోటు నొక్కి వెళ్ళిపోకుండా ఒకసారి హ్యాండిలు లాగి చూడు. డిక్కీ కూడా. తాళం టీవీ స్టాండు మీద పడేయమాక. రిపేరుకి రాని పాత కారు దొడ్లో పడుంటే, డోర్లు లాకు పడకుండా గొళ్ళేలు ఊడదీయించు, లేకపోతే గట్టిగా బంధించు. మధ్యలో వదిలెయ్యమాక. పిల్ల కనపడకపోతే మనం ముందు కాలవ కాడికి పరిగెడతాం, అలవాటు అది. కాలవకి పోవాల్సిందే, అదే క్షణంలో ఇంకొకరు వీధిలో ఉన్న ప్రతి కారు అద్దంలోకి, డిక్కీలోకి చూడాలి. కవరు ఉంటే ఎత్తాలి.

లోపల పిల్ల ఉంది, తాళం లేదు, ఓనరు కనపడట్లేదు. అప్పుడు పగలగొట్టు. ముందు అద్దం కొట్టమాక, అది రెండు పొరల అద్దం, పగిలినా ఊడిరాదు. పిల్లకి దూరంగా ఉన్న పక్క డోరు అద్దం చూసుకుని, మధ్యలో కాదు, మూల మీద సుత్తితోనో గునపంతోనో కొట్టు. పొడిపొడిగా రాలిద్ది. కేసవుద్దేమో అన్న భయం వద్దు. పెద్ద నష్టం తప్పించడానికి మంచి మనసుతో చేసిన చిన్న నష్టం నేరం కాదని న్యాయ సంహిత 19వ సెక్షనులో ఉంది. పిల్లని నీడకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతా 108కి చెయ్యాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, పొర పోయి ఊపిరితిత్తుల్లోకి దిగుద్ది.

పిల్లలకి నేర్పాల్సింది ఒక్కటే ఉంది. కారులో చిక్కుకుంటే ముందు సీట్లోకి వచ్చి హారను నొక్కుతానే ఉండమనాలి. చాలా కార్లలో తాళం లేకపోయినా హారను మోగుద్ది, కొన్నిట్లో మోగదు. మన కారు ఏ రకమో ముందు మనకి తెలియాలి గదా. మొన్న ఆదివారం మా వీధిలో ఉన్న మూడు కార్లకీ చూశాం. ఇంజను ఆపి, తాళం తీసేసి, ఆరేళ్ళ పిల్లాడి చేత నొక్కించాం. రెండు మోగాయి. మూడోది మోగలేదు. ఆ కారాయన అప్పట్నుంచి తాళాన్ని తలుపు పైన మేకుకి తగిలిస్తన్నాడు, కుర్చీ వేసుకున్నా పిల్లలకి అందని ఎత్తులో.